ఖాసిం నూనెకు నేను రాసిన అణుభారం

నలభై ఏళ్ళుగా ఈ సంగతి గొంతులో పచ్చి వెలక్కాయలా అడ్డంపడి ఉంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. వినండి చాలు. క్షమించమని అడగడం లేదు.

రెండో ప్రపంచయుద్ధం రోజులు. కిరసనాయిలుకు రేషను. నరసరావుపేటలో నేను సైన్సు మేస్టర్ని. గురజాల దగ్గర మా నాన్న మిరపచేలో బావి తవ్వుతుంటే పొరలు పొరలుగా నల్లరాయి పడింది. గిలక బిగించడానికి వచ్చిన సైకిళ్ళ మెకానిక్ ఖాసిం భాయ్ ఒక ముక్కను పొయ్యిలో వేసి చూశాడు. మండింది. అంతే, పాత ఇనుప డ్రమ్ముతో బట్టీ కట్టి, ఆ రాయిని కాల్చి, సీసాడు నూనె తీసి నా దగ్గరికి తెచ్చాడు. అది దీపం నూనేనని నేను కాగితం రాసిస్తే, గుంటూరు కలెక్టరాఫీసులో చూపించి తవ్వకానికి అనుమతి తెచ్చుకోవాలని అతని ఆశ.

నూనె ఏపాటిదో తేల్చేది అణుభారం. కొంచెం నూనె కలిపిన బెంజీనును ఐసులో పెట్టి గడ్డకట్టించాలి. వట్టి బెంజీను కంటే ఎంత ఎక్కువ చల్లబడ్డాక గడ్డకడితే, నూనె అణువులు అంత తేలిక. తేలికైతే దీపానికి, బరువైతే రోడ్డు మీద తారుకు. ఐసు గుంటూరు నుంచి రైల్లో ఊక బస్తాలో వచ్చేది, దారిలోనే సగం కరిగేది. మూడుసార్లు చూశాను. మూడుసార్లూ తేలికే.

అప్పుడు చేను గుర్తొచ్చింది. ఆ కాగితం ఆఫీసుకు చేరితే మాకున్న నాలుగెకరాలూ గొయ్యి అవుతాయి. థర్మామీటరు దిగినదాంట్లో సగమే రాశాను. సగం రాస్తే అణుభారం రెట్టింపవుతుంది.

"ఏంది మేస్టారూ, తారేనా?"

"తారే, ఖాసిం భాయ్."

"చానా కష్టపడి తీశా. ఇంకొకసారి చూడండి."

"ఐసు అయిపోయింది."

అయిపోలేదు. బల్లకింద బస్తాలో ఇంకా గడ్డ ఉంది. అతను అటు చూడను కూడా లేదు, నా మాట నమ్మాడు.

సిగ్గుపడ్డానా? పడ్డాను. అయినా చెంపలు వేసుకోను. ఆ మిరపకాయలే మా ఇంట్లో అందరికీ అన్నం పెట్టాయి. ఊరి మంచికోసం చేశానని గొప్పలు చెప్పుకోవచ్చు, నలుగురూ నమ్ముతారు కూడా, కానీ అది పరాయివాడి చేనైతే నేను నిజమే రాసి ఉండేవాణ్ణని, చేతులు దులుపుకుని ఇంటికి పోయి ఉండేవాణ్ణని నాకు బాగా తెలుసు.

ఖాసిం బట్టీ విప్పేసి, ఇనుము అమ్మేసి, మళ్ళీ సైకిళ్ళ పనిలో పడ్డాడు. రాతిలో నూనె పిండినవాడని బజారంతా ఆటపట్టించేది. మేస్టారు నిజం చెప్పబట్టి ఇంకా డబ్బు తగలేయకుండా బతికిపోయానని అతను నా ఎదుటే అనేవాడు. నేను తల ఊపేవాణ్ణి. పోయేదాకా అదే మాట అన్నాడు.

ఆ రోజు మళ్ళీ వచ్చినా మళ్ళీ సగమే రాస్తాను. నన్నేమైనా అనుకోండి. అతన్ని మాత్రం ఇక పిచ్చివాడనొద్దు. ఖాసిం తీసింది దీపం నూనే.