ముత్యాలి పక్కటెముకలు

నిన్న మా కోడలు కుక్కరు మూత తీయగానే ఉడికిన ఉలవల వాసన ఇల్లంతా కమ్ముకుంది. "నేను పోసినవన్నీ ఉన్నాయా?" అని నోటిదాకా వచ్చిన మాటను మింగేశాను. అనుమానం మా ఇంటి జబ్బు, నాకు మా బాపు నుంచి అంటింది.

మా ఊరు మానుకోట వైపు గూడూరు దగ్గర అడవి అంచున ఉండేది. వాగు పొంగితే బండి నడవని ఆ దారుల్లో బాపు పొలాలకూ పంచాయితీలకూ ముత్యాలి అనే ఆడగుర్రం మీద తిరిగేవాడు. దాని ఒళ్లు ఏడాది పొడవునా ఒక్క తీరుగా ఉండాలని ఆయన పంతం. వానాకాలం పచ్చిగడ్డికి ఎగబడి పొట్ట పెంచకుండా పూటకు మించి మేతకు వదలనిచ్చేవాడు కాదు. చలికాలం జొన్న చొప్పతో పాటు నానిన ఉలవలు, గడ్డి మాడిపోయే ఎండాకాలం ఉడికించిన ఉలవల్లో తవుడు, ఒక బెల్లం ముక్క. పక్కటెముకలు చేతికి తగలాలి గానీ కంటికి కనపడొద్దు అనేవాడు. ప్రతి అమావాస్యకు దాని ఛాతీ చుట్టూ తాడు పట్టి ముడి వేసి, పోయిన నెల ముడితో పోల్చి చూసేవాడు.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులు మూతపడి నేను ఇంట్లోనే ఉన్న ఆ ఎండాకాలం, కొత్త ముడి పాత ముడికి వేలెడు ఇవతలే పడింది. మరుసటి నెల ఇంకో రెండు వేళ్లు. ఉలవలు కొలిచి ఇస్తున్నా గుర్రం చిక్కిపోతుంటే, బాపు చూపు దాన్ని సాకే ఐలయ్య మీద పడింది. ఐలయ్య ఇంట్లో ముగ్గురు పిల్లలు, చేతిలో మా ఉలవలు. బాపుకు ఇంకేం కావాలి!

"బిడ్డా, జర వాని మీద కన్నేసి ఉండు" అన్నాడు నాతో. పదేళ్లదాన్ని, ఎంత పొంగిపోయానో! గడ్డివాము చాటున కూర్చుని, ఐలయ్య దగ్గినా తుమ్మినా అనుమానించాను. మూడో రోజు దొరికాడు. గుర్రం తిని తల ఎత్తగానే తొట్టి అడుగు నుంచి గుప్పెడు ఉలవలు తీసి తువ్వాల్లో మూటగట్టుకున్నాడు. పరుగున పోయి చెప్పాను.

బాపు కేకలేయలేదు. "రేపటి సంది రాకు" అన్నాడంతే. ఐలయ్య ఏదో చెప్పబోయి, ముత్యాలి వైపు చూసి, తువ్వాలు అక్కడే విప్పిపెట్టి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత బాపే స్వయంగా ఉలవలు పెట్టాడు. గుర్రం మరింత ఎండిపోయింది. మానుకోట నుంచి వచ్చిన పశువుల డాక్టరు దాని నోట్లో చెయ్యి పెట్టి, దవడ పండ్లు కత్తుల్లా పదునెక్కాయని, నమల్లేక సగం గింజలు జారవిడుస్తోందని చెప్పి, పండ్లకు ఆకురాయి పట్టించాడు. బాపు వంగి తొట్టి అడుగు నుంచి, నమలకుండా జారిన గింజలు గుప్పెడు తీసి చూశాడు.

మరునాడు నన్ను వెంటబెట్టుకుని ఐలయ్య ఇంటికి పోయాడు. "గా జారిన గింజలే పటేలా, ఎండబెట్టి మెత్తగ ఇసిరి, పొద్దుగాల తవుట్ల కలిపి పెట్టిన. పండ్లు ఖరాబైనయంటే అంగట్ల అమ్మేస్తరని మీకు జెప్పలే" అన్నాడు ఐలయ్య.

"తప్పయింది ఐలయ్యా, రేపు రా" అన్నాడు బాపు. తప్పయిందన్న మాట ఆయన నోట నేను విన్నది అదొక్కసారే.

"గుర్రం నోరన్న తెరిచి చూసిండ్లు. నన్ను ఒక్క మాట అడగకపోతిరి" అన్నాడు ఐలయ్య. తర్వాత నా తల నిమిరి, "గీ బిడ్డనన్న అడగకపోతిరి? రోజు గా కొట్టం కాడ్నే తిరుగుతుండె. ఉన్నదున్నట్టు జెప్తుండె" అన్నాడు.

బాపు నా వైపు చూడలేదు. నేను బాపు వెనక్కి జరిగాను. ఐలయ్య మళ్లీ మా కొట్టంలో అడుగు పెట్టలేదు.

ఇప్పుడు ఆ వాగు మీద వంతెన, దారికి తారు, కొట్టం ఉన్నచోట ట్రాక్టరు. చుట్టుపక్కల ఊళ్లలో గుర్రమన్నదే లేదు. బాపు పోయాడు, ఐలయ్యా పోయాడు. బాపుకు చెప్పింది నేనేనని ఐలయ్యతో ఒక్కసారైనా అనలేకపోయాను. బస్సు వాళ్ల ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు, ఈ వయసులో కూడా, తల అవతలికి తిప్పుకుంటాను.