ముందుసీటు సార్

మా సార్ పోయారన్న సంగతి ఆయన కూతురు పంపిన మెసేజ్‌తో తెలిసింది. మధ్యాహ్నం రియాద్‌లో ఆఫీసు పార్కింగులో కారు నీడకు పెట్టుకుని కూర్చున్నాను. "నాన్న ఫోనులో ఉన్న నంబర్లన్నిటికీ ఇది పంపుతున్నాను. మీరెవరో నాకు తెలియకపోతే మన్నించండి. నాన్న తన టమాటా మొక్కల దగ్గర కూలబడి, మళ్ళీ లేవలేదు" అని ఉంది. ఆయన ఫోనులో నా నంబరు ఇంకా ఉందే అని ముందు సంతోషం కలిగింది. ఆ వెనకే సిగ్గు ముంచుకొచ్చింది. చచ్చిపోయిన మనిషిని పొగడటానికి ఎవరైనా దొరుకుతారు. నా సంగతి చెప్పడానికి నేను తప్ప ఎవరూ లేరు కాబట్టి రాస్తున్నాను.

నేను డ్రైవర్ని. మాది కడప జిల్లా. దూదేకుల వాళ్ళం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. సార్‌ది ఆస్ట్రేలియా. అక్కడ ఒక రాష్ట్రానికి మంత్రిగా చేసి, ఎన్నికల్లో ఓడిపోయి, తోటలకు నీళ్ళు పొదుపుగా ఎలా పెట్టాలో చెప్పే సలహాదారుగా ఇక్కడికొచ్చారు. మూడేళ్ళు ఆయన్ని తిప్పాను.

మొదటిరోజు నేను వెనక తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాను. ఆయన "థాంక్యూ" అంటూనే చుట్టూ తిరిగి వెళ్ళి, ముందుసీట్లో నా పక్కన కూర్చుని బెల్టు పెట్టుకున్నారు. "మనిషి మెడ వెనక నుంచి మాట్లాడటం నాకు చేతకాదు" అన్నారు. మిగతా డ్రైవర్లు ఊరుకుంటారా? "ఏంరా, మీ మంత్రికి వెనక సీటు గతిలేదా?" అని ఏడిపించేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది. పెద్దాయన పెద్దాయనలా ఉంటేనే కదా ఆయన డ్రైవర్‌కీ విలువ! నా బుద్ధి అప్పట్లో అలా ఏడ్చింది.

ఆ మొదటిరోజే ఆయన నన్నో మాట అడిగారు. "నిన్ను ఇక్కడికి ఎవరు పిలిచారు?"

సార్ వాళ్ళ నాన్న ఇటలీలో రాళ్ళపొలం నుంచి ఓడెక్కి వచ్చాడట. ముందు ఆయన అన్న వచ్చి చెరుకు నరికి, తమ్ముణ్ణి పిలిచాడు. తమ్ముడు బావమరిదిని పిలిచాడు. "మాలో ఒంటరిగా వచ్చినవాడు లేడు. ఒకడి చెయ్యి పట్టుకుని ఇంకొకడు వచ్చాడు. అందుకే అడుగుతున్నాను" అన్నారు.

నన్ను పిలిచింది మా మామ, మా అమ్మ తమ్ముడు. బురైదా దగ్గర ఖర్జూరం తోటలో ఇరవై ఏళ్ళుగా కూలి చేస్తున్నాడు. నా వీసా కోసం కఫీలు, అంటే ఇక్కడి పూచీదారు యజమాని, గడప ఎన్నిసార్లు తొక్కాడో లెక్కలేదు. నేను వచ్చాక లైసెన్సు చేతికొచ్చేదాకా తన గదిలో పెట్టుకుని, తన పళ్ళెంలోనే అన్నం పెట్టాడు.

"ఎవరూ పిలవలేదు సార్. ఇంటర్వ్యూ పాసై వచ్చాను. మాకు ఊళ్ళో పొలాలున్నాయి, మా ఇంట్లో కూలికి పోయేవాళ్ళు లేరు" అన్నాను. ఎందుకన్నానో నన్నడగొద్దు. ఇంగ్లీషులో మాట్లాడుతుంటే అబద్ధం కాస్త సులువుగా వస్తుందనుకుంటాను.

సార్‌కి కాఫీ పిచ్చి. కషాయం లాంటి నల్లకాఫీ చిన్న గిన్నెలో కాచి, నాకూ ఒక గుక్కెడు పోసేవారు. తాగలేక నేను మొహం వికారంగా పెడితే పడీపడీ నవ్వేవారు. మేడమీద కుండీల్లో టమాటాలు పెంచేవారు. ఆ విత్తనాలు వాళ్ళమ్మ కొంగులో కట్టుకుని ఓడలో తెచ్చినవాటి సంతతి అని చెప్పేవారు. ఇటలీలో ఆడవాళ్ళకు కొంగెక్కడిదని నేను అడగలేదు. ఆయన చెయ్యి నడుం దగ్గర ముడి వేసినట్టు తిప్పితే నేను కొంగనుకున్నాను.

రాజకీయాల గురించి తనమీద తనే హాస్యమాడుకునేవారు. మొదట ఊరి కౌన్సిలుకు, తర్వాత శాసనసభకు, ఆ తర్వాత మంత్రి పదవికి. మొదటి ఎన్నికల్లో ఇంటింటికీ తిరిగి మూడు జతల బూట్లు అరగదీశారట. "ఓటు అడగాలంటే కారు దిగాలి" అనేవారు. "మరి ఎందుకు ఓడిపోయారు సార్?" అని ఒకసారి నోరుజారి అడిగేశాను. "మంత్రినయ్యాక దిగడం మానేశాను. జనం నన్ను సరిగ్గానే ఇంటికి పంపారు" అన్నారు. కోపం లేదు, బాధ కూడా లేదు.

ఇక ఆ రోజు సంగతి.

ఖర్జూరం కోతల కాలం. సార్ బురైదా తోటలు చూడాలన్నారు. ఇచ్చిన చిరునామాల్లో మూడోది మా మామ పనిచేసే తోట. గేటు దగ్గరికి వచ్చాకగానీ నాకు వెలగలేదు. సార్ టోపీ పెట్టుకుని దిగి, కూలీల దగ్గరికి వెళ్ళి ఒక్కొక్కరికీ షేక్‌హ్యాండ్ ఇవ్వడం మొదలుపెట్టారు, ఓట్లు అడుగుతున్నట్టే. నేను దిగలేదు. ఏసీ వేసుకుని కూర్చున్నాను.

చెట్టు దిగుతూ మామ నన్ను చూశాడు. నడుముకు చెట్టెక్కే తాడు అలాగే ఉంది. బనియను చెమటకు ఒంటికి అతుక్కుపోయింది. మొహం విప్పారిపోయి పరుగున వచ్చాడు. సార్ ఆయన వెనకే వస్తున్నారు. మామ కిటికీ దగ్గరికి వచ్చి "అబ్బీ..." అని నోరు తెరిచాడు.

నేను అద్దం సగం దించి, "భాయ్, పానీ కిధర్ హై?" అన్నాను.

నీళ్ళెక్కడున్నాయని అడిగాను. నిండు సీసా నా పక్కనే ఉంది. పుట్టి బుద్ధెరిగాక మామతో తెలుగు తప్ప ఇంకో ముక్క మాట్లాడలేదు. ముక్కూమొహం తెలియని బెంగాలీ కూలీని అడిగినట్టు అడిగాను.

మామ చెయ్యి కిటికీ మీద నుంచి జారిపోయింది. వెనక నిలబడ్డ సార్‌ని చూశాడు, నన్ను చూశాడు. అర్థమైపోయింది. "ఉధర్ హై, సాబ్" అని షెడ్డు వైపు చూపించాడు. నన్ను సాబ్ అన్నాడు. సార్ ఆయన చెయ్యి అందుకుని, నాకు వినబడనంత మెల్లగా ఏదో అడిగి, చాలాసేపు వదలకుండా మొహంలోకి చూశారు. మా అమ్మవైపు వాళ్ళందరికీ గడ్డం మీద సొట్ట ఉంటుంది. నాకూ ఉంది.

 తిరుగుదారిలో చాలా దూరం వచ్చాక సార్ రోడ్డు వైపే చూస్తూ చెప్పారు. "శాసనసభలో నా మొదటి ఉపన్యాసానికి మా నాన్న వచ్చాడు. పెళ్ళినాటి కోటు వేసుకుని, టోపీ చేతిలో పట్టుకుని. తలుపు దగ్గర మా పార్టీ పెద్ద ఒకాయన 'ఎవరా ముసలాయన?' అని అడిగాడు. 'మా నియోజకవర్గం ఆయన' అన్నాను. అబద్ధం కాదు కదా! నాన్న రెండడుగుల దూరంలో ఉన్నాడు. ఇంటికెళ్ళాక అన్నం దగ్గర ఒకటే మాటన్నాడు: 'నేను నీకే ఓటేశానురా.' పోయేదాకా మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు."

నా వైపు తిరిగి, "కారు వెనక్కి తిప్పుతావా?" అని అడిగారు.

"పొద్దుపోయింది సార్, తోట గేటు మూసేస్తారు" అన్నాను. మిట్టమధ్యాహ్నం దాటి రెండు గంటలు కాలేదు. ఆయన నన్ను బలవంతం చేయలేదు.

ఒప్పందం కాలం ముగిసి వెళ్ళిపోయేరోజు ఎయిర్‌పోర్టులో నన్ను దగ్గరికి తీసుకుని, "ఆయన్ని అడిగానని చెప్పు" అన్నారు. "ఎవరిని సార్?" అన్నాను. అప్పుడు కూడా! ఆయన నా భుజం తట్టి లోపలికి వెళ్ళిపోయారు.

మామ మాత్రం పండగలకు ఫోను చేస్తూనే ఉన్నాడు. ఆ రోజు సంగతి ఒక్కసారీ ఎత్తలేదు. డ్యూటీలో ఉన్నానని నేనే పెట్టేసేవాణ్ణి.

సార్ కూతురి మెసేజ్ వచ్చిన వారంలోనే, శుక్రవారం, బురైదా వెళ్ళాను. గేటు దగ్గర కారు ఆపి దిగాను. మామ వచ్చాడు. తల పూర్తిగా నెరిసిపోయింది. టౌనుకు పోయి తిందామని ముందు తలుపు తీశాను.

"వద్దులే అబ్బీ, గుడ్డల నిండా మట్టి ఉండాది. వెనక్కాల కూసుంటాలే."

"ముందుకే రా మామా."

భుజం మీది ఎర్రగళ్ళ గుడ్డ తీసి సీటు మీద పరిచాడు. చెప్పులు బయటే దులిపి, ఒద్దికగా కూర్చున్నాడు.

"ఆ తెల్లాయప్ప బాగుండాడా?"

"చనిపోయినాడు మామా."

మామ రెండు చేతులూ ఎత్తి దువా చేశాడు. "మంచోడు. ఆ పొద్దు నా చెయ్యి ఇడిచిపెట్టల్యా. ఏందో అడిగినాడు గానీ నాకర్థం కాల్యా." కింద పరిచిన గుడ్డ అంచు సర్దుకుంటూ అడిగాడు. "నేనెవరో ఆయప్పకు చెప్పినావా?"

"లేదు మామా. చెప్పల్యా."

మామ కిటికీలోంచి బయటికి చూశాడు. "ఎండకు నీ కండ్లు మసకలు కమ్మింటాయిలే నాయినా. గుర్తుపట్టింటే దిగకుండా ఉంటావా?"

ఆయన నాకోసం అన్నేళ్ళుగా దాచి ఉంచిన సాకు అది. తీసుకుంటే సరిపోయేది.

"అగుపడినావు మామా. బాగా అగుపడినావు" అన్నాను.

 టౌనులో మెస్సుకు పోయాక మామ తన పళ్ళెంలోంచి మాంసం ముక్క తీసి నా పళ్ళెంలో వేశాడు. 

మళ్ళీ తోట దగ్గర దిగేటప్పుడు, సీటు మీది గుడ్డను నాలుగు మూలలూ కలిపి మెల్లగా ఎత్తి, గేటు అవతలికి తీసుకెళ్ళి దులుపుకున్నాడు. రియాద్ చేరేదాకా ఆ ముందుసీటు వైపు చూస్తూనే ఉన్నాను. దానిమీద ఒక్క ఇసుక రేణువు కూడా లేదు.