నాన్న ఇచ్చిన కాషన్ ఆర్డరు

రాయ్‌పూర్‌కి రాజధాని హోదా కొత్తగా వచ్చిన రోజులవి. నాకు మోటారుసైకిలు కొత్తగా వచ్చిన రోజులూ అవే. వచ్చిన గొప్పతనాన్ని ఎలా మోయాలో మా ఇద్దరికీ తెలిసేది కాదు. ఊరేమో ఎక్కడపడితే అక్కడ రోడ్లు తవ్వుకునేది, నేనేమో ఆ తవ్విన రోడ్ల మీదే బండిని ఎగిరించేవాణ్ణి. ధర్సీవా దగ్గర ఇనుప కార్ఖానాలో ఏడాదిపాటు షిఫ్టులు చేసి కొనుక్కున్న ఎర్ర బండి అది. రోజూ పొద్దున్నే దాన్ని నా మొహం కన్నా శ్రద్ధగా తుడిచేవాణ్ణి. (ఆ రెండింట్లో మెరిసేది అదొక్కటే అని మా అమ్మ అనేది.)

మా నాన్నకి ఆ బండిని చూస్తేనే గిట్టేది కాదు. గూడ్సు బండి గార్డుగా చేసి అప్పుడే రిటైరయ్యాడు. శ్రీకాకుళం వదిలి ముప్పై ఏళ్లయినా, మాటలో హిందీ ఎంత కలిసినా, యాస మాత్రం ఊరిదే. "ఏట్రా ఆ సౌండు? అది బండా, తుఫానా? అమ్మీయి దాన్ని!" అని రోజుకోసారి. ఆయన దృష్టిలో ఆలస్యం పొరపాటు, వేగం నేరం. ఒక్కసారి నేను నడుపుతుంటే చూస్తే ఆయనే మెచ్చుకుంటాడని నాకో పిచ్చి నమ్మకం ఉండేది.

ఆ అవకాశం గోలూ వల్ల వచ్చింది. గోలూ కార్ఖానాలో నా జోడీ. ఇంజనీరు గారి గదిలో దొరికిన పాత విదేశీ పత్రిక ఒకటి తెచ్చాడు. అందులో తోలు టోపీలు పెట్టుకున్న వెనకటి తరం వీరులు కొండదారిలో పందెం వేస్తున్నారు. అందరూ కలిసి కాదు, ఒక్కొక్కరే బయలుదేరతారు, గడియారంతోనే పోటీ. "యార్, మనకీ కేశ్‌కాల్ ఘాట్ ఉందిగా!" అన్నాడు. జగదల్‌పూర్ దారిలో ఉన్న ఆ ఘాట్‌కి పన్నెండు మలుపులంటారు. మేం ఎప్పుడు లెక్కపెట్టినా పదకొండో పదమూడో వచ్చేవి. మూడోవాడిగా మా బావ చేరాడు. పండరీ బట్టల బజారులో చీరలు మడతపెట్టే ఉద్యోగం, ఎవరిదో అడిగి తెచ్చుకున్న స్కూటరు. (లారీలు తిరిగే దారిలో పందెం ఏమిటని ఇప్పుడు మీరు అడగొచ్చు. అప్పుడు అడిగినవాళ్లు లేరు, అడిగినా వినేవాళ్లం కాదు.)

టైము చూడ్డానికి, రైలు ఆగిన, కదిలిన నిమిషాలు ముప్పై ఏళ్లు రాసిన మా నాన్నని మించినవాడు ఎవడున్నాడు? అడిగితే గంభీరంగా ఒప్పుకున్నాడు, కాని ఒక షరతు. "గెలిస్తే బండి ఉంచుకో. ఓడితే నోరెత్తకుండా అమ్మీయాల. మంజూరేనా?" గోలూ సంగతి నాకు తెలుసు, బావ స్కూటరు సంగతి అందరికీ తెలుసు. మంజూరన్నాను. ముందురోజు సాయంత్రం మా వాచీలన్నీ తన వాచీతో కలిపించి, ముగ్గురికీ తలో చీటీ ఇచ్చాడు. దారి బాగాలేని చోట నెమ్మదిగా వెళ్లమని రైలు డ్రైవరుకి ఇచ్చే కాషన్ ఆర్డరు అది: మలుపుకి ముందు వేగం ఇరవైకి దించాలి, గుడి దగ్గర ఆగాలి, హారన్ కొట్టాలి. సంతకాలు పెట్టమన్నాడు. ముసలాయన సరదా అనుకుని నవ్వుకుంటూ పెట్టేశాం.

ఆదివారం నాన్న తెల్లవారుజాము బస్సులో వెళ్లి ఘాట్ పైన దిగాడు. మేం కింద నుంచి అయిదేసి నిమిషాల తేడాతో బయలుదేరాం. గోలూ తొమ్మిది నిమిషాల్లో ఎక్కాడు. నేను మలుపుల్లో మోకాలు రోడ్డుకి ఆనేంత వంగి, లారీల పక్కనించి దూసుకెళ్లి ఏడు నిమిషాల్లో ఎక్కాను. బావ పంతొమ్మిది నిమిషాలకి వచ్చాడు, నుదుట కుంకుమ, చేతిలో కొబ్బరిముక్క. దారిలో గుడి దగ్గర లారీవాళ్లందరూ ఆగితే తనూ ఆగాడట.

నాన్న కాగితం చూసుకుని, గొంతు సవరించుకుని, "మీ బావే గెలిసినాడు" అన్నాడు. మేం ముగ్గురం ఒకేసారి "ఆఁ?" అన్నాం.

"సీటీలో రాసినట్టు వస్తే పద్నాలుగు నిమిషాలకి తక్కువ పట్టదు. నువ్వు ఏడు నిమిషాల్లో వచ్చీసినావు. అంటే ఏటి సేసినట్టు?"

"నాన్నా, ఇది రేసు!"

"సంతకం నీదా కాదా?"

గోలూ చేతులు జోడించాడు. "అంకుల్, రేస్ మే స్పీడ్ నహీ దేఖేంగే తో క్యా దేఖేంగే?" రేసులో స్పీడు చూడకపోతే ఇంకేం చూస్తారని వాడి గోల. నాన్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. బావ మాత్రం కొబ్బరి నములుతూ, "మావయ్యా, నిజంగా నేనేనా?" అని నాలుగుసార్లు అడిగాడు. ఇరవై మూడేళ్ల మగాణ్ణి, కొండ మీద కోతుల ముందు నాకు కళ్లనీళ్లు తిరిగాయి. బండి పోతోందని కాదు. ఏడు నిమిషాలు అంత బాగా నడిపితే, చూడాల్సినాయన తప్పే చూశాడని.

వెనక్కి వెళ్లే బస్సుకి ఇంకా రెండు గంటలుంది. నాన్న చెప్పాపెట్టకుండా వచ్చి నా వెనక కూర్చున్నాడు. నా బండి ఎక్కడం అదే మొదలు. కోపంతో కావాలనే ఇరవై దాటకుండా దింపుతున్నాను. నాలుగో మలుపు దగ్గర మాట్లాడాడు. "ముప్పై ఏళ్లు ఆఖరి పెట్టిలోనే కూకున్నాన్రా. ముందర ఏటొస్తందో అగుపడదు. ముందున్నోడి మీద నమ్మకమే. ఇయ్యాల పైనుంచి సూస్తన్నాను కదా, మలుపు మలుపుకీ నువ్వు కనపడకుండా పోయినావు. పోయినప్పుడల్లా నా పానం పోయింది. గెలుపు సంగతి నాకొద్దు. నువ్వు కనపడాల."

ఘాట్ దిగి తిన్నని రోడ్డెక్కాక, "అయితే ఎప్పుడు అమ్మేయమంటావు?" అన్నాను. "ఎందుకు అమ్మడం? మరి నన్ను ఇంటికెవులు తీసుకెల్తారు?" అన్నాడు. దారిలో మూడు బస్సులు దాటిపోయినా ఎక్కలేదు. రాయ్‌పూర్ దాకా అలాగే వచ్చి, నడుం పట్టేసి రెండు రోజులు మంచం దిగలేదు. ఆ తర్వాత రేషన్‌కైనా, పెళ్లికైనా, ఆసుపత్రికైనా ఆయన నా వెనకే.

నాన్న పోయి ఆరేళ్లయింది. బావ ఇప్పటికీ పండరీలో చీరలు చూపిస్తూ, కొండదారి రేసులో తను ఛాంపియన్నని కొనేవాళ్లకి చెబుతూనే ఉంటాడు. నేను దేవేంద్ర నగర్‌లో స్కూటరు మీద కూరలకి వెళ్తుంటే కుర్రాళ్లు ఝామ్మని దాటిపోతూ, ఈ ముసలాడెవడ్రా అన్నట్టు వెనక్కి తిరిగి చూస్తారు. కోపం రావాలి, రాదు. నవ్వే వస్తుంది. వాళ్లలో అప్పటి నన్నూ నా ఎర్ర బండినీ చూసుకుని, పాపం, వీళ్ల వెనక సీటు ఇంకా ఖాళీగానే ఉందే, నాన్న ఎక్కలేదే అనుకుంటాను.