కాక మీటరు, బాపు క్యాసెట్

మేము నిక్కర్లేసుకుని తిరిగే రోజుల్లో... జగిత్యాలలో మా కాక, అంటే బాబాయి, రేడియోల దుకాణంలో ఒక నల్ల మీటరు ఉండేది. గాజు కింద సన్నని సూది, పక్కన రెండు తీగలు. ఏ రేడియోలో ప్రాణం ఎక్కడ ఆగిందో ఆ సూదే చెప్పేది.

సూది వెనక చిన్న అద్దం పట్టీ ఉంటుంది, అంకె తప్పు చదవకుండా. కాక అందులో మీసం చూసుకునేవాడు... అది వేరే కథ.

నాకు జ్వరమొస్తే ఆ తీగల కొసలు నా రెండు చేతుల్లో పెట్టేవాడు. సూది కొంచెం లేచేది.

"పానం ఉన్నది వదినె, ఫికర్ జెయ్యకు."

"నీ మొకం. ముందుగాల గోలీలు తే పో," అనేది మా అమ్మ. మేం అవ్వ అంటాం.

బాపు, అదే మా నాన్న, మస్కట్‌లో ఉండేవాడు. అవ్వకూ బాపుకూ రాయడం రాదు. అందుకే ఊరికి వచ్చేవాళ్లతో క్యాసెట్‌లో మాటలు నింపి పంపేవాడు. మేము విని, దాని మీదే మా జవాబు నింపి, వెళ్లేవాళ్లకిచ్చేవాళ్లం. రెండోది కొనాలని ఎవరికీ తోచలేదు. మాట చేరితే చాలు కదా...

ఒకసారి బాపు రాలేదు, ఆయన సామాన్ల పెట్టె వచ్చింది. అక్కడే మట్టి చేశారట. అందులో క్యాసెట్. మా జవాబు విన్నాక దాని మీద ఏమైనా మాట్లాడాడా... అవ్వ బతికినన్నాళ్లూ దాన్ని పెట్టనివ్వలేదు.

కాక కూడా పోయాక, మొన్న ఆయన బిడ్డ ఆ మీటరు నాకిచ్చింది. వెనక మూత తీస్తే సెల్లు కారి పచ్చని చిలుము. గీకి, కొత్త సెల్లు వేసి, తీగల కొసలు కలిపాను. సూది లేచింది. ఆ ధైర్యంతో ఇంట్లో మూలపడ్డ టేప్‌రికార్డర్ విప్పి, మీటరుతో వెతికి, తెగిన తీగ పట్టుకున్నాను. అతికించాను. బాపు గొంతు ఒక్కసారి వింటే చాలనుకున్నాను.

క్యాసెట్ తిరిగింది. అవ్వ గొంతు.

"ఇగో, మంచిగున్నవా? నీ మాట చెరుపబుద్ధయితలేదు గాని..."

వెనక నుంచి కాక, "వదినె, జల్ది మాట్లాడు, రీలు పోతున్నది."

అవ్వ మాటలు అయిపోయాయి. ఆ తర్వాతైనా బాపు పాత మాట ఒక్కటి మిగిలి ఉంటుందని చెవి ఆనించాను.

"పోరడా, ఇంక రీలున్నది. ఖాళీ పోవద్దు. ఎక్కాలు సదువు, మీ బాపు ఇంటడు." మళ్లీ కాక గొంతే.

చదివాను... రీలు ఆగేదాకా. తిప్పి వేస్తే, రెండో వైపు కూడా నేనే.

ఇప్పుడు నా మనవరాలు తినే ప్రతి ముద్దా ఫోనులో ఉంది. మా బాపు గొంతు ఎట్లా ఉండేదో చెప్పే మనిషి కూడా లేడు. మీ ఇంట్లో అట్లాంటి క్యాసెట్ ఉందా? విన్నారా? మీవాళ్లు అందులో ఉన్నారా... చెప్పండి, కనీసం మీదైనా వింటాను.