అవ్వ మొక్కు, బాపు పేరు

మొన్న రామగిరి గుట్ట కింద కారాపి మా కొడుకు ఒక మాటన్నడు. అప్పటిసంది నాకు కడుపుల మంట ఆరుతలేదు. వాని దోస్తులందరు ఇంటోళ్ళతోని కల్సి అడివి పొంటి రెండు దినాల నడక పెట్టుకున్నరు. ఏ బూట్లు కొనాలె, సంచిల ఏం సదరాలె, పిల్లలకేం తినవెట్టాలె అని నెల సంది కొట్టుకున్నది మా కోడలు. తీరా గుట్ట కాడ దిగినంక కొడుకు సంచి భుజానేస్కోని, "నువ్వు పిల్లలను తీస్కోని అమ్మతోని ఇంటికి పో. వీళ్ళతోని మా నడక సాగది" అన్నడు. బూట్ల దారం కట్టుకుంటున్న కోడలు చెయ్యి ఆపింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ కోపం ఇయ్యాల్టిది కాదు, అరవై ఏండ్ల కిందిది. మా అవ్వది.

మా దిక్కు అమ్మను అవ్వ అంటం, నాయినను బాపు అంటం. బాపుది గోదావరిఖనిల బొగ్గుబాయి పని. ఒకనాడు షిఫ్టుల ఉండగ కప్పు కూలి రాయి కింద పడ్డడు. బాయి ముందట బొగ్గుమన్నుల కూసోని అవ్వ కొంగు పట్టి మొక్కింది: నా పెనిమిటి పానంతోని పైకొస్తె, పిల్లజెల్లతోని చెప్పుల్లేకుంట కాళేశ్వరం నడిచొస్త అని. బాపు పైకొచ్చిండు. పక్కబొక్కలు విరిగినయ్, దవాఖానల శానొద్దులు పండుకున్నడు గని వచ్చిండు. మా పెద్దబాపు, అంటే బాపు అన్న, కమాన్‌పూర్ దిక్కు మా సొంతూర్ల ఉండేది. ఏటా శివరాత్రికి ఊరోళ్ళను మంథని గోదారి ఒడ్డు నుంచి కాళేశ్వరం నడిపిచ్చేటోడు ఆయనే. ఒడ్డు మీద కొబ్బరికాయ కొట్టినంక వచ్చినోళ్ళను కలుపుకోరు, అది ఆయన పెట్టిన కట్టు. దేవుడే ఆలస్యంగ వస్తే దేవుణ్ణి గూడ వెనుకకు తోలేటోడు.

ఆ శివరాత్రికి మేం గూడ వాళ్ళతోని నడవాలె, పొద్దుగాల మొదటి బస్సుకు మంథని పోవాలె. మాకు గడియారం లేదు. క్వార్టర్లల్ల ఎవ్వలకుండె గనుక? సైరన్ కూస్తె లేస్తం, సైరన్ కూస్తె తింటం. "ఫికర్ చెయ్యకు, మొదటి షిఫ్టు సైరన్‌కు లేద్దాం" అని బాపు ముసుగుపెట్టిండు. తెల్లారింది. ఎండ గడప దాక వచ్చింది. సైరన్ కూయలే. ఎట్ల కూస్తది? ఆ రోజు ఆదివారం, ప్లే డే, బాయిలన్ని బంద్! బంద్ నాడు సైరన్ ఉండదని చంటిపిల్లకు గూడ తెల్సు. దెబ్బ తాకి ఇంట్ల పండుకున్న కాణ్ణుంచి బాపుకు వారాలు యాదికి లేవు. అవ్వ గబగబ లేచింది. మా మొఖాల మీద నీళ్ళు కొట్టి, జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం మూటగట్టి, చెల్లెను సంకకేస్కున్నది. నేను తమ్ముని చెయ్యి పట్టుకున్న. బస్సుల మనుషుల మీద మనుషులు. తమ్ముడు కక్కిండు, చెల్లె ఏడ్చింది. కండక్టరు మమ్ముల తిట్టిండు. బాపు మాత్రం కిటికీ కాడ సీటు దొరికిచ్చుకోని పక్కబొక్కలు పట్టుకోని కూసున్నడు.

మంథని గోదారి ఒడ్డుకు ఉరికి ఉరికి పొయ్యేసరికి కొబ్బరిచిప్పలు నేల మీదున్నయ్, జనం అప్పుడే కదుల్తున్నరు. పెద్దబాపు మమ్ముల జూసి, "కాయ కొట్టినం. ఇగ కలిసేది లేదు" అన్నడు. అవ్వకు ఆయన బావ అయితడు. బావ ముందట నోరు విప్పుడు మా ఇండ్లల్ల లేదు. నెత్తి మీద కొంగేస్కోని, నన్ను నడుమ నిలబెట్టి, "మీ పెద్దబాపుకు చెప్పు బిడ్డా, ఇయ్యాల సైరన్ కూయలేదని" అన్నది. నేను చెప్పిన. ఆయన బాపును ఎగాదిగ జూసి, "సరే, చావు తప్పినోడు, వాడొక్కడు రానీ. ఆడామె, పిల్లలు మల్లిపోవాలె. పెనిమిటి నడిస్తె పెండ్లాం మొక్కు తీరినట్టే" అన్నడు. మేం బాపు దిక్కు చూసినం. బాపు నేల చూసిండు. "అన్న చెప్తుండు గదనే... ఇంటికి పొండ్రి" అని జనంల కల్సిండు.

అప్పుడు అవ్వ నన్ను పక్కకు జరిపింది. నెత్తి మీది కొంగు తీసి నడుముకు చెక్కింది. "ఓ బావా!" అన్నది. జనమంత ఆగిండ్రు. "మొక్కింది నేను. ఆయన రాయి కింద ఉన్నడు, ఆయనకేం ఎరుక? నువ్వు ఇంట్ల పండుకున్నవ్, నీకేం ఎరుక? బాయి కాడ మన్నుల పొర్లింది నేను. నా మొక్కు నీ తమ్ముని కాళ్ళతోని ఎట్ల తీరుతది?" అవ్వ మూటల నుంచి తన కాయ తీసి, తొవ్వ పక్క రాయికేసి కొట్టింది. చిప్పలు మా చేతులల్ల పెట్టి, "నడువుండ్రి" అన్నది.

నడిచినం. ముందట జనం, ఎనుక దూరంగ మేము. ఎనుకకు మర్లి చూసినోడు లేడు, మా బాపుతో సహా. తమ్మున్ని కొంత దూరం అవ్వ ఎత్తుకుంటె, చెల్లెను నేనెత్తుకున్న. ఎండకు రోడ్డు కాలింది. మహదేవ్‌పూర్ల ఎవ్వలో తల్లి అరుగు మీద పండనిచ్చి అంబలి పోసింది, ఆమె కడుపు సల్లగుండ. కాళేశ్వరం చేరేసరికి అవ్వ అరికాళ్ళు పుండ్లయినయ్. బాపు అప్పటికే తానం చేసి, బొట్టు పెట్టుకోని, ప్రసాదం చేతికిచ్చుకుంట "మొక్కు తీరిందే" అన్నడు. అవ్వ ఆ చెయ్యిని చూడలే. మమ్ముల తీస్కోని నీళ్ళల్లకు దిగింది.

ఆ ఏడు నుంచి మా ఊర్ల ఒకటే ముచ్చట: బొక్కలు విరిగినోడు కాళేశ్వరం నడిచిండు, ఎంత భక్తి! బాపు పోయిన పదోనాడు గూడ గదే చెప్పుకున్నరు. అవ్వ మూలకు కూసోని ఇన్నది. ఆమె పోయిన పదోనాడు ఆ నడక మాట ఎవ్వలూ ఎత్తలే. నేను ఎత్తిన. "అవునా, అప్పటికి నువ్వు చిన్నపిల్లవు, మర్చిపోయుంటవ్" అన్నరు. మర్చిపోతనా? ఆ కాళ్ళకు ఆముదం రాసింది నేనే!

అందుకే ఆ గుట్ట కింద కారు దిగిన. కొడుకు భుజం మీది సంచి గుంజి కోడలి చేతుల పెట్టిన. "పిల్లలను నువ్వు ఇంటికి తోల్కపో. అది నడుస్తది" అని కొడుకుతోని అన్న. వాడు నవ్విండు. "ఏందమ్మా గిట్ల చేస్తున్నవ్? కాలం మారింది, ఇప్పుడు గసొంటి పట్టింపులేం లేవు" అన్నడు.

మారింది బిడ్డా. ఆనాడు మీ తాత నేల చూసిండు, నువ్వు నవ్వుతున్నవ్.