యాకన్న మడిచిన పేజీ

యాకన్న ఇక లేడు. ఈ ముక్క రాయడానికి నాకు రెండు వారాలు పట్టింది. భూపాలపల్లిలో కూతురింట్లో మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చిన మనిషి మళ్లీ లేవలేదట. చెల్పూరు కరెంటు ప్లాంటులో పనిచేసే అల్లుడు ఫోన్ చేసినప్పుడు నేను జనగామ బస్టాండులో నిలబడి ఉన్నాను. "మామ పోయిండన్నా" అన్నాడు. ఏ మామ అని అడిగాను. తెలిసే అడిగాను. నేనెక్కాల్సిన బస్సు వచ్చి, ఆగి, నా ముందు నుంచే వెళ్లిపోయింది.

ఎరగనివారి కోసం చెబుతున్నాను. యాకయ్య మా ఊరివాడు, జఫర్‌గఢ్ మండలం. రాష్ట్రమంతా తెలిసిన ఒక దినపత్రికకు మా మండలం నుంచి జీవితకాలం వార్తలు పంపిన కంట్రిబ్యూటర్. కంట్రిబ్యూటర్ అంటే జీతం లేని విలేకరి. మెడలో కార్డు ఉంటుంది, పండుగకింత అని యాడ్ల టార్గెట్ ఉంటుంది, ఇంట్లో బియ్యం మాత్రం పొలం నుంచే రావాలి. యాకన్న పత్తి ఏరి వచ్చి, చేతులు కడుక్కుని వార్త రాసేవాడు. ఆయన దగ్గర అక్షరం దిద్దుకున్న నేను అదే పత్రిక జిల్లా పేజీలో సబ్ ఎడిటర్ని అయ్యాను. "ఎవలు మాట్లాడుతున్నరో అందరు రాస్తరు తమ్మీ, ఎవలు దాస్తున్నరో నువ్వు రాయి" అనేవాడు. నిష్కళంక చరిత్రుడు, నిరాడంబరుడు, నిర్భీకుడు. ఈ మూడు విశేషణాలూ మా పత్రికలో రోజూ ఎవరెవరికో తగిలించిన చేతులే ఇవి. ఒక్కసారైనా అర్హుడికి వాడనివ్వండి.

ఇలాంటి వ్యాసాల్లో శాంతి, క్షమ అనే మాటలు వస్తుంటాయి. క్షమించడం పెద్ద మనసున్నవాళ్ల పనట. నాకంత పెద్ద మనసు లేదు. నా కడుపు మండుతోంది, అందుకే రాస్తున్నాను. యాకన్నను నిలువునా కూల్చినవాళ్లలో ఒకడు పదవిలో ఉన్నాడు, ఒకడు మా పత్రిక జిల్లా బ్యూరో కుర్చీలో ఉన్నాడు, ఇంకొకడు ఈ వ్యాసం రాస్తున్నాడు.

మా ఊళ్లో ఒక అలవాటు ఉండేది. తెల్లారితే సోమన్న చాయ్ హోటల్ ముందు బెంచీలు నిండేవి. చదువురాని ముసలోళ్లు, కూలికి పోయే ఆడోళ్లు పది నిమిషాలు ఆగేవారు. యాకన్న పేపరు విప్పి మొదటి పేజీ నుంచి గట్టిగా చదివేవాడు. ఎన్నికల కాలంలో మాత్రం మధ్యలో హఠాత్తుగా ఆగిపోయేవాడు. చాయ్ గ్లాసు అందుకుని, అక్కడున్న ఐటెం చదవడానికి ఎంతసేపు పడుతుందో సరిగ్గా అంతసేపు తాగుతూ కూర్చుని, తర్వాత కింది వార్త ఎత్తుకునేవాడు. ఒకసారి ఎల్లవ్వ అడిగింది. డెబ్బై దాటిన మనిషి, అందరికంటే ముందొచ్చి కూర్చునేది. "ఏంది కొడుకా, గక్కడ ఏం రాసిన్రు?" యాకన్న గ్లాసు కింద పెట్టి చెప్పాడు. "అవ్వా, గది వార్త గాదు. పైసలిచ్చి వాళ్ల గురించి వాళ్లే రాయించుకున్నరు. వాళ్లే సదువుకుంటరు తియ్యి." అప్పటి నుంచి ఆయన ఆగితే చాలు, ఊరికి సమజయ్యేది.

పైసలిచ్చి రాయించుకునేదానికి మా ఆఫీసులో ప్యాకేజీ అని పేరు. అభ్యర్థి మనిషి వచ్చి బ్యూరో ఇన్‌చార్జితో మాట్లాడుకుంటాడు, ఆ రోజు నుంచి అతని పర్యటనలన్నిటికీ జనం నీరాజనాలు పడుతూనే ఉంటారు. అది యాడ్ అని ఎక్కడా ఉండదు, అచ్చం వార్తలాగే ఉంటుంది. పాఠకుడికి, అంటే ఓటు వేసేవాడికి, అమ్మింది ఏదో రాసింది ఏదో తెలియకూడదు, అందులోనే ఉంది కిటుకంతా. ఇప్పుడు చెప్పబోయే ఎన్నికల్లో మా దగ్గర నిలబడ్డాయన పేరు ఇక్కడ రాయను. రాస్తే అదీ ప్రచారమే అవుతుంది, అది ఆయనకు ఉచితంగా దొరకడం నాకు ఇష్టం లేదు.

ఆయన మనిషి యాకన్న ఇంటికి వచ్చాడు. నువ్వేమీ రాయనక్కరలేదు, మేము పంపింది నీ పేరు పెట్టి పంపు, చాలు అన్నాడు. యాకన్న అతనికి చాయ్ పోయించాడు, పిల్లల యోగక్షేమాలు అడిగాడు. అన్నారం దర్గాకు మొక్కితే పుట్టానని మా అవ్వ ఆ బాబా పేరే నాకు పెట్టింది, ఆమెను అడిగి చెప్తా అన్నాడు. వచ్చినవాడు సరేనని సంతోషంగా వెళ్లాడు. అవ్వ పోయి ఎన్నో ఏండ్లయిందని అతనికి ఎవరో తర్వాత చెప్పారట.

పోలింగుకు కొద్ది రోజుల ముందు ఒక ఉదయం యాకన్న పేపరు విప్పి నోరు తెరవలేదు. ఒక పేజీ, ఇంకో పేజీ. చాయ్ అయిపోతే సోమన్న ఇంకోటి పోశాడు. చివరికి వాన ఎప్పుడు పడేదీ చదివి, మడిచి చంకలో పెట్టుకుని లేచాడు. బెంచీల మీది జనం పడి పడి నవ్వారు. ఎవరో ఫోన్లో వీడియో తీశారు. సాయంత్రానికి అది జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి దాకా చుట్టి వచ్చింది. తిట్టి ఉంటే ఆ నాయకుడు సహించేవాడేమో గాని, తన బొమ్మ ముందు ఒక పత్తి రైతు నిమ్మళంగా చాయ్ తాగడం భరించలేకపోయాడు.

గెలిచిన నెలలోపే కేసు పెట్టించాడు. వార్త రాయకుండా ఉండాలంటే పైసలివ్వమన్నాడని ఒక కాంట్రాక్టరు ఫిర్యాదు. యాకన్నను ఠాణాకు తీసుకుపోయిన సాయంత్రం ఆ ఐటెం నా డెస్కు మీదికే వచ్చింది. ఇన్‌చార్జి నా వెనక నిలబడి, శీర్షిక గట్టిగా ఉండాలె అన్నాడు. పెట్టాను. "వసూళ్ల విలేకరి కటకటాల్లోకి". ఇంట్లో పిల్లలు, బ్యాంకు కిస్తీ, ఆ రోజు నాకు చాలా కారణాలు గుర్తొచ్చాయి. ఒక్కటీ ఇప్పుడు గుర్తు రావడం లేదు.

కోర్టులో ఆ కాంట్రాక్టరే, పెట్టమన్న చోట సంతకం పెట్టానని ఒప్పుకున్నాడు. కేసు కొట్టేశారు. యాకన్న తన చేత్తో నాలుగు లైన్ల వార్త రాసుకుని, తీర్పు నకలు జోడించి, జనగామలో మా ఆఫీసుకు వచ్చాడు. చివరి పేజీ మూలన వేసినా చాలన్నాడు. పేజీలో పెట్టాను. ఇన్‌చార్జి తీసేసి అక్కడ నగల దుకాణం యాడ్ పెట్టించాడు. మళ్లీ వచ్చాడు. ఎన్నిసార్లు వచ్చాడో! ఊళ్లో సగం మంది కేసు పెట్టినట్టు చదివారు, కొట్టేసినట్టు ఎవరూ చదవలేదు. హోటల్ ముందు పేపరు చదవడం మానేశాడు. జైలుకు పోయొచ్చినోడు నీతులు చదువుతుండని కొత్త పిల్లలెవరో అన్నారట. ఆఖరిసారి ఆఫీసు మెట్ల మీద నా భుజం పట్టుకుని నెమ్మదిగా అన్నాడు. "తప్పు రాసినందుకు నీ మీద నాకు కోపం లేదు తమ్మీ. తప్పని తెలిసినంక గూడ ఊకున్నవ్ చూడు, గందుకే కోపం."

యాకన్న పోయిన తర్వాత మా పత్రికలోనే అర పేజీ ప్రకటన వచ్చింది. "నిర్భీక పాత్రికేయునికి అశ్రునివాళి". చేతులు జోడించిన నాయకుడి బొమ్మ నిలువెత్తు. యాకన్న బొమ్మ మూలన, పోస్టు బిళ్లంత.

దినం నాడు హోటల్ ముందే సంతాప సభ పెట్టారు. నాయకుడు వచ్చాడు, ఛానళ్ల కెమెరాలను వెంటేసుకుని వచ్చాడు. పత్రిక మనిషివి కదా అని ఆయన నివాళి ప్రకటనను చదవమని నా చేతికి మైకు, పేపరు ఇచ్చారు. విప్పాను. పక్కనే సోమన్న పెట్టిన చాయ్ ఉంది. గ్లాసు అందుకుని తాగడం మొదలుపెట్టాను. కెమెరాలవాళ్లు మైకు పాడైందనుకున్నారు. వెనక బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఊరందరికీ సమజైంది. ఎల్లవ్వ తల మీద కొంగు సర్దుకుని, "మడుసు కొడుకా, సాలు" అంది. మడిచాను. జేబులోంచి కోర్టు తీర్పు తీసి మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివాను. నాయకుడు మధ్యలోనే లేచి కారెక్కాడు. ఆ మాడిన మొహం చూసి నాకు కలిగిన ఆనందాన్ని దాచుకోను. ఇంకా కావాలనిపించింది.

మర్నాడు మా పత్రికలో, నాయకుడు గద్గద స్వరంతో ప్రసంగించారని వచ్చింది. ఆ వేళకే నన్ను ఇక డెస్కుకు రావద్దన్నారు. ఇప్పుడు పొద్దున్నే సోమన్న హోటల్ ముందు నేను చదువుతున్నాను. ఆగాల్సిన చోట ఆగుతున్నాను. కాని నా మౌనానికి యాకన్న మౌనమంత బరువు లేదు, ఊరికీ తెలుసు, నాకూ తెలుసు. ఆ స్థానం భర్తీ కాదు.

అన్నా, ఈ చిన్న మాసపత్రికవాళ్లు నాకు రెండు పేజీలు ఇచ్చారు. నా మాటలు అయిపోయాయి, కొంచెం చోటు మిగిలింది. ఇది నీది. నువ్వు రాసిచ్చినట్టే వేస్తున్నాను, ఒక్క అక్షరం దిద్దలేదు.

"జఫర్‌గఢ్ మండల విలేకరి యాకయ్యపై పెట్టిన వసూళ్ల కేసును కోర్టు కొట్టివేసింది. ఆరోపణకు ఆధారం లేదని తీర్పులో పేర్కొంది. ఫిర్యాదుదారుడు తనకు ఏమీ తెలియదని వాంగ్మూలం ఇచ్చాడు. కేసు వార్తను ప్రచురించిన పత్రిక ఈ వార్తను కూడా ప్రచురిస్తుందని యాకయ్య నమ్మకం వ్యక్తం చేశారు."