తుఫాను ముందు తలుపు మీద రాసిన మాట

తుఫాను వస్తుందంటే అందరూ సముద్రానికి దూరంగా పోతారు. సొంతవాళ్లు ఒడ్డున ఉన్నవాళ్లు మాత్రం ఆ రోజే అక్కడికి వెళ్లాల్సి వస్తుంది. అలా వెళ్లేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పెళ్లయ్యాక నేను పెందుర్తిలో ఉంటున్నాను. నాన్న, తమ్ముడు విశాఖ ఒడ్డున జాలర్ల పేటలో ఉండేవారు. అమ్మ లేదు. నాన్న కళ్లకు పొరలు కమ్మి మనుషులు నీడల్లా కనబడేవారు. ఆ ఉదయం పోర్టులో ప్రమాద సూచిక పెంచారని, రాత్రికి తుఫాను తీరం దాటుతుందని రేడియోలో విన్నాం. మా ఆయనకు ఉక్కు ఫ్యాక్టరీలో డ్యూటీ. తర్వాతి షిఫ్టు మనిషి వచ్చేదాకా కదలడానికి లేదు. "మావని నువ్వే తెచ్చీ. నోరు తెరిసి అడిగితే ఎవలైనా దారి సెప్తారు," అని వెళ్లిపోయారు. బస్సులో టికెట్ అడగడానికే గొంతు రాని దాన్ని నేను.

పదిన్నరకు బస్సెక్కాను. ఎన్‌ఏడీ జంక్షన్ మీదుగా కాంప్లెక్సు బస్టాండుకు టికెట్ ఏడు రూపాయలు. మామూలుగా ముప్పావు గంట దారి, ఆ రోజు గంటన్నర పట్టింది. నాలుగు దాటితే బస్సులు ఉండవని కండక్టర్ చెప్పాడు. అక్కడి నుంచి పేటకు ఆటోవాడు నలభై అడిగాడు.

"పదిహేనే కదా అన్నా," అన్నాను, నేల చూస్తూ.

"అది నిన్నటి రేటు సెల్లీ. ఇయాల అటేపు వచ్చీవోడిని నానొక్కడినే. పిచ్చోడి రేటు ఇది!"

ఎక్కాను. ఒడ్డుకు చేరేసరికి ఒంటిగంటయింది. గాలికి ఇసుక ముఖానికి కొడుతోంది. జనమంతా కేకలేస్తూ పడవల్ని పైకి లాగుతున్నారు. నాన్న మా ఇంటి అరుగు మీద సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు. తమ్ముడు ముందురోజు తెల్లవారుజామున తన నీలం పడవ మీద వేటకు వెళ్లాడు, ఇంకా రాలేదు.

"నాను రాను," అన్నాడు నాన్న. "ఆడు గట్టెక్కీదాకా ఇక్కడే ఉంటాను. నువ్వెందుకొచ్చావే ఈ గాలిలో, కడుపుతోటి?"

నాకు అప్పుడు ఆరో నెల. గంటసేపు బతిమాలాను. వినలేదు. రెండయింది. అలలు పడవలు లాగిపెట్టిన చోటుకు వచ్చేశాయి. ఇక ఆగితే ఇద్దరం చిక్కుకుపోతాం. అప్పుడు నాన్నతో మొదటిసారి అబద్ధమాడాను.

"నాన్నా, నీలం పడవ వచ్చీసింది. తమ్ముడు దిగాడు. కుర్రోళ్లతో కలిసి, అందరూ తలదాసుకునీ స్కూలుకి పోతానని సెయ్యూపుతన్నాడు."

నాన్న లేచి లోపలికెళ్లి, రేషన్ కార్డు, రెండు పంచెలు గోనెసంచిలో పెట్టుకున్నాడు. ఆయన తువ్వాలు వెతుకుతుంటే నేను పొయ్యిలో బొగ్గుముక్క తీసి, బయటికి వచ్చి తలుపు మీద 'పెందుర్తి, అక్క ఇల్లు' అని రాయడం మొదలుపెట్టాను. నేను చదివింది నాలుగో తరగతి. తమ్ముడూ అంతే. నాన్నకు కనబడదు కదా అనుకున్నాను. గీత చప్పుడు వినబడుతుందని తోచలేదు.

"ఏటి సేత్తన్నావే?"

"ఏం లేదు నాన్నా."

"ఆడు వచ్చీసాడన్నావు కదా. మరి ఎవలికి రాత్తన్నావ్?"

బొగ్గు చేతిలోనే ఉండిపోయింది. ఇక కదలడనుకున్నాను. నాన్న దగ్గరికొచ్చి తలుపు తడిమాడు. చేతికి మసి అంటింది.

"బయట రాత్తే వాన కడిగీదా? లోపలేపు రాయి. పెద్దచ్చరాలు రాయి," అన్నాడు. గాలికి కొట్టుకోకుండా తలుపు పట్టుకున్నాడు.

రాశాను. ఆటో దొరకలేదు. కాంప్లెక్సు దాకా గాలికి ఎదురు నడిచాం. నాలుగుకు పది నిమిషాలుండగా చివరి బస్సు దొరికింది. దారంతా నాన్న నా చెయ్యి వదల్లేదు.

మర్నాడు చీకటి పడే వేళకు తమ్ముడు మా గుమ్మంలో నిలబడ్డాడు. పడవ భీమిలి వైపు కొట్టుకుపోయిందట. అక్కడ ఒడ్డెక్కి, నడిచి పేటకు వస్తే ఇంటికి కప్పు లేదట. తలుపు ఊడి, రాసినవైపు కిందికి పడి ఉందట. ఎత్తి చూస్తే అక్షరాలు అలాగే ఉన్నాయన్నాడు. నాన్న వాడి ముఖమంతా తడిమి, "ఇదిగో, నీలం పడవ ఇప్పుడొచ్చింది," అన్నాడు.

ఆ రోజు నాన్న నా మాట నమ్మి లేచాడో, నా కడుపులో బిడ్డ కోసం లేచాడో ఇప్పటికీ అడగలేదు. కొడుకును సముద్రం మీద వదిలి అడుగులు వేయడం ఆయనకు ఎంత బరువో మాత్రం నా చేతిని పట్టుకున్న పట్టులో తెలిసింది. మీరు మీవాళ్ల కోసం వెళ్తే మధ్యాహ్నం లోపే ఒడ్డు వదిలేలా బయలుదేరండి. ఎక్కడికి వెళ్తున్నారో తలుపు లోపలివైపు బొగ్గుతో రాయండి. గొళ్లెం పెట్టండి చాలు, తాళం వేయకండి. చదవాల్సినవాళ్లు లోపలికి రావాలి కదా.